అరగంటలో ఆయన వాటా

నాకు గుండెదడ మొదలైంది బడిలో కాదు, బస్సులో. చిత్తూరు నుంచి నేను పాఠాలు చెప్పే ఊరికి ముప్పావుగంట ప్రయాణం. సీట్లో కూర్చున్న పదినిమిషాలకు చేతులు చల్లబడేవి. గొంతులో ఏదో అడ్డుపడినట్టు ఉండేది. ఇంట్లో గ్యాస్ కట్టేశానా లేదా అన్న అనుమానం పట్టుకునేది. కట్టేసిన సంగతి నాకు తెలుసు. రెండుసార్లు చూసి మరీ తాళం వేసిన సంగతీ తెలుసు. అయినా ఒకరోజు సగం దారిలో దిగి, ఎదురు బస్సు పట్టుకుని ఇంటికి వచ్చేశాను. పొయ్యి చల్లగా ఉంది. నేను మాత్రం చెమటలు కక్కుతూ వంటింట్లో నేలమీద కూర్చున్నాను. ఆ రోజు బడికి పోలేదు.

చిత్తూరులో గుండె డాక్టరు అన్ని పరీక్షలూ చేసి, గుండె గుండ్రాయిలా ఉందన్నాడు. ఆ మాట విని నేను సంతోషపడాలి గానీ నాకు కోపం వచ్చింది. ఏ జబ్బూ లేకుండా ఇంత అవస్థ పడుతున్నానంటే నన్ను అందరూ నాటకాలాడే మనిషి అనుకోరా? ఆయనే తిరుపతిలో ఒక కౌన్సెలింగ్ మేడం పేరు కాగితం మీద రాసిచ్చాడు. మా ఆయన ఒకరోజు సెలవు పెట్టి నన్ను తీసుకుపోయాడు.

మా ఆయన గురించి ఇక్కడ చెప్పాలి. బంగారుపాళ్యం దగ్గర మామిడి గుజ్జు తీసే ఒక ఫ్యాక్టరీలో ఆయనది గేటు పని. సీజన్ వచ్చిందంటే చుట్టుపక్కల రైతులంతా తోతాపురి కాయ ట్రాక్టర్లకెత్తి అక్కడికే తెస్తారు. వచ్చిన వరుసలో టోకెన్ రాసివ్వడం, పిలిచినప్పుడు బండిని లోపలికి వదలడం ఆయన చేసేది. వినడానికి ఇంతే. కానీ ధర తగ్గినా, క్యూ కదలకపోయినా, లోపల మిషన్ ఆగినా రైతుకు కనబడేది గేటు దగ్గర పుస్తకం పట్టుకుని నిలబడిన మనిషే. ఓనరు ఎవరికీ కనబడడు. కాబట్టి రెండు నెలలపాటు తిట్లన్నీ ఈయన ఖాతాలోనే పడతాయి. ఎవరేమన్నా ఎదురు చెప్పే రకం కాదు. "కానీలేప్పా, వరసలో వస్తాదిలే" అనేది ఆయనకు వచ్చిన ఒకే ఒక మంత్రం.

సాయంత్రం ఆరున్నరకు బండిమీద ఇంటికి వచ్చేవాడు. వచ్చినవాడు వెంటనే లోపలికి రాడు. గేటు బయట స్టాండు వేసి, బండిమీదే కూర్చుని, హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని ఎదురింటి గోడకేసి చూస్తూ పది నిమిషాలు ఉండేవాడు. ఫోన్ చూడడు. ఎవరైనా పలకరిస్తే తల ఊపుతాడు, అంతే. పెళ్ళయిన కొత్తలో నాకు ఇది మహా చిరాకుగా ఉండేది. "ఇంట్లో పులి ఉందనుకుంటారు చూసేవాళ్ళు" అని వంటింటి కిటికీలోంచి కేకేసేదాన్ని. తర్వాత నాకూ అలవాటైపోయి, ఆ పది నిమిషాల్లో కాఫీ కలిపి పెట్టుకునేదాన్ని.

తిరుపతి మేడం మంచి మనిషి. నా మాటలన్నీ విని, రోజూ చేయాల్సిన పనులు కొన్ని చెప్పింది. నేను టీచర్‌ను కదా, నోటుబుక్కు తీసి అన్నీ నంబర్లు వేసుకుని రాసుకున్నాను. పొద్దున నడక అంది. నడిచాను. మా వీధి కుక్కలు నాలుగు నాతోపాటు నడిచాయి, దాంతో దడ రెట్టింపైంది. కాఫీ మానమంది. మూడు రోజులు మాని, నాలుగోరోజు తలనొప్పితో పిల్లల్ని ఊరికే కసిరి, మానుకోవడాన్నే మానుకున్నాను. స్టాఫ్ రూంలో కళ్ళు మూసుకుని నాలుగు అంకెలు లెక్కపెట్టి ఊపిరి వదులుతుంటే తోటి టీచరమ్మ పరిగెత్తుకొచ్చి ఉబ్బసమా అని వీపు నిమిరింది.

పనిచేసింది ఒక్కటే. అదే నా కొంప ముంచింది. నా కొంప కాదు, ఆయనది.

మేడం అన్నది ఇది. రోజూ ఒక అరగంట మీరిద్దరూ టీవీ, ఫోన్ లేకుండా కూర్చోండి. పదిహేను నిమిషాలు మీరు మనసులో ఉన్నది చెప్పండి, ఆయన మధ్యలో సలహాలివ్వకుండా వింటారు. తర్వాత పదిహేను నిమిషాలు ఆయన చెప్తారు, మీరు వినాలి. ఇంత వివరంగా చెప్పింది. నా నోటుబుక్కులో మాత్రం "రోజూ అరగంట మాట్లాడాలి" అని ఉంది. అది నా చేతిరాతే.

మొదటి వారం పద్ధతిగానే చేశాం. మా కూతురు తిరుపతిలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది, ఇంట్లో మేమిద్దరమే, అడ్డుపడేవాళ్ళు లేరు. నా పదిహేను నిమిషాలూ అయ్యాక ఆయన వంతు వచ్చేది. ఆయన గోడకు ఆనుకుని కాసేపు ఆలోచించేవాడు. "ఏముండాది మే సెప్పేదానికి. గేటు తెరిస్తి, మళ్ళా మూస్తి" అనేవాడు. రెండు నిమిషాలకు ముగిసేది. మిగిలిన పదమూడు నిమిషాలు ఎందుకు వృథా చేయాలని నేనే వాడుకున్నాను. రెండో వారానికి ఆ రెండు నిమిషాలు కూడా నావే అయిపోయాయి. ఆయనకు మాట్లాడటం రాదని, నాకు వచ్చని, దేవుడు మమ్మల్ని భలే జత కలిపాడని అనుకున్నాను. నోరు తెరవని మనిషి నోరు తెరవడానికి పదిహేను నిమిషాలు కాదు, పదిహేను రోజులు ఎదురుచూడాలన్న జ్ఞానం నాకు లేకపోయింది. క్లాసులో వెనక బెంచీ పిల్లలకైతే ఆ మాత్రం గడువు ఇస్తాను.

ఆ మాటల అరగంట మొదలవడం ఆలస్యమైతే నాకు ఆగేది కాదు. మధ్యాహ్నం నుంచే చెప్పాల్సినవి మనసులో వరుస పెట్టుకునేదాన్ని. ఆయన బండి చప్పుడు వినబడగానే గేటు దగ్గరికే పోయి, హెల్మెట్ చేతికి తీసుకుని, "రా, రా, ఈరోజు ఏం జరిగిందో తెలుసా" అని లోపలికి తెచ్చేసేదాన్ని. ఆయన కాళ్ళు కడుక్కుని వచ్చి కూర్చునేవాడు. బండిమీద కూర్చునే అలవాటు అట్లా పోయింది. నేను దాన్ని బాగుపడటం కిందే లెక్కేశాను.

నిజంగా నేను బాగుపడ్డాను, అది అబద్ధం కాదు. రెండు నెలల్లో బస్సులో నిద్రపోయేంత నెమ్మది వచ్చింది. గ్యాస్ ఒక్కసారే చూసి తాళం వేసేదాన్ని. ఈ అరగంట వైద్యం గురించి స్టాఫ్ రూంలో చెప్పాను, మా చుట్టాల్లో చెప్పాను. ఆయన సొంతూరికి పోయినప్పుడు మా తోడికోడలికైతే గంటసేపు చెప్పాను. మా బావ, అంటే మా ఆయన అన్న, అక్కడే మంచంమీద కూర్చుని విని నవ్వాడు. "మా వాడు అరగంట మాట్లాడతాడా? యాడమ్మా, నేను పుట్టినకాన్నుంచి సూడలా" అన్నాడు.

ఆ అన్నదమ్ములకు ఒకరంటే ఒకరికి ప్రాణం, ఒకరితో ఒకరికి రోషం. ఊళ్ళో వాళ్ళ నాయన నాటిన తోతాపురి తోట ఉండేది. తోట అన్నకు వచ్చింది, ఈయన ఉద్యోగంలోకి వచ్చేశాడు. ఒకసారి తోట నీళ్ళ మోటారు దగ్గర ఏదో మాట పట్టింపు వచ్చి ఇద్దరూ నెలరోజులు పలకలేదు. అప్పుడు నేనే బస్సెక్కి పోయి, బావ ముందు కూర్చుని, "నీ తమ్ముడు అన్నం సరిగ్గా తినడంలేదు బావా" అన్నాను. అంతే, ఆయన చెప్పులేసుకుని నాతో వచ్చేశాడు. వాళ్ళకు కావాల్సింది మధ్యలో ఒక మనిషి. ఆ మనిషిని నేనే.

కిందటి సీజన్‌లో కాయ విరగకాసింది. అంత కాపు వస్తే రైతుకు పండగ కావాలి, కానీ మా వైపు అది కష్టమే. ఫ్యాక్టరీల ముందు రోడ్డు పక్కన ట్రాక్టర్లు కిలోమీటర్ల కొద్దీ నిలబడిపోయాయి. ఎండకు కాయ మెత్తబడుతుంటే రైతులు గోనెపట్టాలు తడిపి బండ్లమీద కప్పారు. ఇదంతా నాకు టీవీలో వార్తలు చూసి తెలిసింది. అదే ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడి వస్తున్న మనిషి రోజూ నా ఎదురుగా కూర్చుంటున్నా టీవీలో చూసి తెలుసుకున్నాను. ఆయన ముఖం ఆ రోజుల్లో నల్లగా కమిలి ఉండేది. ఎండ అనుకున్నాను.

సీజన్ అయిపోయింది. ప్రతి ఏడూ బావ ఇంటికని ఏరి దాచిన కాయ ఒక మూట తెచ్చి మా వరండాలో దించేవాడు. ఈసారి రాలేదు. దాన్ని కూడా నేను అరగంటలోకి తెచ్చాను. "మీ అన్నవాళ్ళకు మనం గుర్తన్నా ఉన్నామా? అంత కాయ కాస్తే ఒక మూట పంపడానికి చెయ్యి రాలేదు" అని రెండు మూడు సాయంత్రాలు సాగదీశాను. ఆయన కాఫీ గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు.

"మర్సిపోయింటారులే మే" అన్నాడు చివరికి.

వినాయక చవితికి ఊరికి పోదామంటే ఫ్యాక్టరీలో పని ఉందన్నాడు. దసరాకీ అదే మాట. నాకు అనుమానం రాలేదు. నా అనుమానాలన్నీ నా గురించే.

కార్తీకంలో తిరుచానూరులో దగ్గరి చుట్టాల పెళ్ళికి ఇద్దరం పోయాం. కల్యాణమండపంలో భోజనాల పంక్తిలో మా తోడికోడలు కనబడింది. నేను నవ్వుతూ పోయి పక్కన కూర్చున్నాను. ఆమె నవ్వలేదు. ఆకుమీద నీళ్ళు చల్లుకుంటూ, నా వైపు చూడకుండానే అంది.

"చెట్లు కొట్టేసినారు మే. పోయిన వారం మిషను తెచ్చి మొత్తం కొట్టించినాడు మీ బావ."

"ఏ చెట్లక్కా?"

అప్పుడు తలెత్తి చూసింది. "నీకు తెలీదా?"

తెలియదన్నాను. ఆమె నమ్మలేదు. "మీరిద్దరూ రోజూ అరగంట కూసోని మాట్లాడుకుంటారని నువ్వే గదా సెప్పింది" అంది. పెరుగన్నం వచ్చేలోపు మొత్తం చెప్పింది. ఎత్తిపొడుపు లేదు, ఊరికే జరిగింది జరిగినట్టు చెప్పింది.

ఆ సీజన్‌లో బావ కూడా కాయ ట్రాక్టరుకెత్తి తమ్ముడు పనిచేసే గేటుకే తెచ్చాడు. క్యూ చూసి, తమ్ముడి దగ్గరికి వచ్చి మధ్యలో ఒక టోకెన్ రాయమన్నాడు. చుట్టూ పాతికమంది రైతులు చూస్తున్నారు. తమ్ముడు తల దించుకుని, "వరసలోనే రావల్ల అన్నా" అన్నాడు. బావ పోయి ట్రాక్టరు మీద కూర్చున్నాడు. రెండు రోజులు కూర్చున్నాడు. ఈయన మధ్యాహ్నం క్యారియర్ అన్నం తీసుకుపోయి ఇస్తే ముట్టలేదు. మూడోరోజు వంతు వచ్చేసరికి కాయ మెత్తబడిపోయింది, లోపల కాయ నాణ్యం చూసేవాడు పనికిరాదన్నాడు. బావ బండిని రోడ్డు పక్కకు తిప్పి మొత్తం కాయ అక్కడే పోసేశాడు. పోసి తమ్ముడి దగ్గరికి వచ్చి, "నాయన నాటిన చెట్ల కాయప్పా ఇది. నువ్వు బాగా కాపలా కాస్తా ఉండావు" అని వెళ్ళిపోయాడు.

"నువ్వు వస్తావని సూసినాను మే" అంది మా తోడికోడలు. "మీ బావ కూడా సూసినాడు. నోటితో అనలేదు గానీ, బస్సు వచ్చినప్పుడంతా రోడ్డుకేసి సూసేవాడు. వానలు పడే దాకా సూసినాడు. నువ్వొచ్చి ఒక మాటంటే దిగొచ్చేటోడే. నీ కాన్నుంచి ఫోన్ కూడా రాలా. అప్పుడు ఇంగ మీకు ఈ చెట్లూ వద్దు, మేమూ వద్దు అనుకున్నాడు. కొట్టించేసినాడు."

ఆకు మడిచి లేచాను. ఏం తిన్నానో గుర్తులేదు. ఆ ఐదు నెలల్లో ఏ ఒక్క రోజు నాకు ఈ సంగతి తెలిసినా మరుసటి పొద్దున్నే మొదటి బస్సులో ఉండేదాన్ని. ఆ ఒక్క పని నాకు చేతనవును. ఆ ఒక్క పని చేయకుండా నా గొంతులో అడ్డం గురించి చెప్పుకుంటూ కూర్చున్నాను.

తిరుచానూరు నుంచి ఆయనా నేనూ బండిమీదే చిత్తూరుకు వచ్చాం. దారిలో టీ కోసం ఆగినప్పుడు అడిగాను. గొంతు పెంచకుండా అడగాలని ఎంతో అనుకున్నాను గానీ నా గొంతు నా మాట ఎప్పుడు విన్నది కనుక.

"నాకెందుకు చెప్పలేదు? ఇంత జరిగితే నాకు ఒక్క మాట చెప్పొద్దా?"

ఆయన టీ గ్లాసు బల్లమీద పెట్టాడు. కోపం లేదు ఆ ముఖంలో. ఉండి ఉంటే బాగుండేది.

"రెండుతూర్లు మొదులుపెట్టినా మే. అన్న వచ్చినాడు ఈ పొద్దు ఫ్యాక్టరీకి అని సెప్పినా. నువ్వు ఉండు ఉండు ఇది కానీ అంటివి. గుడ్ల ఫోటోలు ఫోన్లో ఎక్కలేదని ఏడుస్తా ఉంటివి ఆ పొద్దు."

గుడ్ల ఫోటోలు నాకు గుర్తున్నాయి. బడిలో మధ్యాహ్న భోజనానికి వచ్చిన గుడ్లను ఫోటో తీసి యాప్‌లో పెట్టాలి. ఆ రోజు బడి ఉన్న ఊళ్ళో సిగ్నల్ లేదు. నా ఉద్యోగం పోతుందేమో అన్నంత భయపడ్డాను. మరుసటి రోజు పదింటికి రెండు నిమిషాల్లో ఎక్కాయి. ఎన్ని గుడ్లో కూడా చెప్పగలను. కానీ ఆయన "అన్న వచ్చినాడు" అన్న మాట మాత్రం ఎంత వెతికినా నాకు దొరకలేదు. చెవిలో పడి ఉంటుంది. లోపలికి పోవడానికి చోటు లేదు.

"గట్టిగా చెప్పాల్సింది. నా నోరు మూయించి చెప్పాల్సింది" అన్నాను.

"అప్పుడప్పుడే నీకు నిద్ర పడతా ఉండింది గదా" అన్నాడు. "మళ్ళీ దడ పుట్టిస్తే ఎట్ల అని గమ్మునుండిపోతి."

నాకు ఏడుపొచ్చింది. టీ అంగడివాడు చూస్తున్నాడని ఆపుకున్నాను. నా మందు నాకు పనిచేసింది. దాని ఖరీదు ఇంకొకరి గొంతులోంచి తీశారని ఎవరూ చెప్పలేదు. చెప్పలేదని అనడం కూడా తప్పే. తిరుపతి మేడం చెప్పింది. నేను రాసుకోలేదు.

ఆ తర్వాతి ఆదివారం ఒక్కదాన్నే ఊరికి పోయాను. బావ ఇంట్లోనే ఉన్నాడు. "రామ్మా, కూసో" అన్నాడు, భార్యను పిలిచి మజ్జిగ ఇమ్మన్నాడు. చాలా మర్యాదగా ఉన్నాడు. మా బావ నాతో ఎప్పుడూ మర్యాదగా ఉండింది లేదు. ఆటపట్టిస్తాడు, అరుస్తాడు, నా నోరు గురించి ఊరంతా చెప్తాడు. ఆ రోజు కుర్చీ తుడిచి వేశాడు. నేను ఏడ్చి, తప్పంతా నాదని, ఆయన చెప్పబోతే నేనే చెప్పనివ్వలేదని అన్నాను. ఆయన మొత్తం విన్నాడు.

"పోనీలేమ్మా. వాడు సేసింది న్యాయమే. వరస తప్పించి ఉంటే మిగతావాళ్ళు కొట్టేటోళ్ళు వాణ్ణి" అన్నాడు. "నాకు అప్పుడు ఎవురన్నా ఈ మాట సెప్పింటే సరిపోయుండేది. ఇప్పుడు సెప్పి ఏం సేస్తాం."

తోట వైపు నన్ను తీసుకుపోలేదు, నేనూ అడగలేదు. ఇప్పుడు అన్నదమ్ములిద్దరూ మాట్లాడుకుంటారు. పెళ్ళిళ్ళలో కనబడితే బాగుండావా అంటే బాగుండా అంటారు. ఫోన్‌లో వాన పడిందా అని అడుగుతారు. పాతరోజుల్లో నెలకొకసారి పోట్లాడుకునేవాళ్ళు, ఇప్పుడు పోట్లాట లేదు. నాకు అదే ఎక్కువ బాధ.

ఊరినుంచి వచ్చిన మరుసటి రోజు సాయంత్రం నేను నిశ్చయించుకున్నాను. ఇకనుంచి అరగంటా ఆయనదే, నేను నోరెత్తను. కాఫీ ఇచ్చి ఎదురుగా కూర్చున్నాను. "నేనేం చెప్పను ఈరోజు. నువ్వు చెప్పు, నేను వింటాను" అన్నాను. ఆయన సరేనన్నట్టు తల ఊపాడు. కాఫీ తాగాడు. పైన ఫ్యాన్ తిరుగుతోంది. నేను పెదవులు బిగించి ఎదురుచూస్తున్నాను. ఐదు నిమిషాలు పోయాయి, ఎనిమిది పోయాయి. ఆయన ఒకసారి గొంతు సవరించుకున్నాడు. నేను ముందుకు వంగాను. ఆయన నా ముఖంలోకి చూశాడు. చూస్తూ చూస్తూ ఆయన కళ్ళలోకి బెదురు వచ్చింది.

"ఏమైంది మే? ఏం మాట్లాడకుండా ఉండావు, మళ్ళీ దడగా ఉండాదా?" అన్నాడు.

"ఏం లేదు. నువ్వు చెప్పు."

"నీళ్ళు తెద్దునా? బండి తీద్దునా, డాక్టరు కాడికి పోదామా?" గ్లాసు కింద పెట్టి లేచి వచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు. నాడి చూడటం ఎప్పుడు నేర్చుకున్నాడో నాకు తెలియదు. గోడ గడియారం చూస్తూ పెదవులు కదుపుతూ లెక్కపెడుతున్నాడు.

ఆ బెదురు చూడలేకపోయాను. బడిలో కొత్త హెడ్మాస్టరు నాకు రెండు క్లాసులు అదనంగా వేశాడని చెప్పాను. అట్లాంటిదేమీ జరగలేదు. ఆయన చెయ్యి వదిలాడు, పోయి తన చోట కూర్చుని గోడకు ఆనుకున్నాడు. ముఖం తేటపడింది.

"అదా సంగతి. ఊఁ, తర్వాత?" అన్నాడు.

తర్వాత ఏం జరిగిందో అప్పటికప్పుడు కల్పించి, ఇంకో పావుగంట చెప్పాను.